ఆ మరచెంబును ఎందుకు పారేయలేం?

ఉన్న ఇంటిని డెవలప్‌మెంటుకి ఇచ్చి అపార్ట్‌మెంటులోకి మారే కుటుంబాలకు సామాన్ల లారీ వచ్చే రోజు కన్నా అటక దించే రోజే కష్టం. గంగాళం, సొట్టలు పడ్డ ఇత్తడి బిందెలు, పంపు పాడైన కిరసనాయిలు స్టవ్వు, ఎవరి పెళ్ళికో బహుమతిగా వచ్చి ఏనాడో ఆగిన గోడ గడియారం, చెమ్మకు పేజీలు అతుక్కుపోయిన పెళ్ళి ఆల్బం, బొమ్మల కొలువు పెట్టె, పిల్లల ఒకటో తరగతి నోటుపుస్తకాలు హాలంతా పరుచుకుంటాయి. మొదటి గంట పని చకచకా సాగుతుంది. ఇంతలో ఎవరో ఒకరు మరచెంబును చేతిలోకి తీసుకుంటారు. "నాన్న రైలెక్కితే ఇది చంకలో ఉండాల్సిందే" అంటారు. అంతటితో పని ఆగిపోతుంది. ఆ చెంబుతో నీళ్ళు తాగి ముప్ఫై ఏళ్ళయింది, మూత మర అరిగిపోయింది. అయినా అది మళ్ళీ కొత్త ఇంటి అటక ఎక్కుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందన్నది కొన్ని దశాబ్దాలుగా మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు, మెదడు పరిశోధకులు శ్రద్ధగా చూస్తున్న ప్రశ్న. వాళ్ళ పరిశోధనలు చదివితే ఒక విషయం బాగా తెలిసివస్తుంది. పాత వస్తువును పారేయలేని మనిషిది బద్ధకమూ కాదు, పిసినారితనమూ కాదు. వాళ్ళు కాపాడుకుంటున్నది వస్తువును కాదు, ఆ వస్తువుతో ముడిపడిన తమను తాము. ఈ సంగతి తెలియకుండా ఇల్లు సర్దడానికి దిగితే ఇల్లూ సర్దుబాటు కాదు, మనసులూ విరుగుతాయి.

అమెరికాలోని స్మిత్ కాలేజీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రాండీ ఫ్రాస్ట్ 1990ల నుంచి ఈ రంగంలో పనిచేశారు. మనుషులు వస్తువులను అట్టేపెట్టుకోవడానికి ఆయన ప్రధానంగా మూడు కారణాలు చూశారు: ఎప్పటికైనా అవసరపడుతుందన్న ఆలోచన, వస్తువు అందం, దానితో ఉన్న అనుబంధం. మన ఇళ్ళలో రోజూ వినే మాటలే ఇవి. "ఉండనీ, పనికొస్తుంది", "చూడు ఎంత బాగుందో", "ఇది మా అమ్మది". మొదటి మాటకు జవాబు చెప్పొచ్చు. పదేళ్ళుగా పనికిరాని సీసా పదకొండో ఏడు పనికొస్తుందా అని అడగొచ్చు. మూడో మాటకు అలాంటి జవాబు లేదు. ఈ వ్యాసం ఎక్కువగా ఆ మూడో మాట గురించే.

ముందు అనుబంధం అసలేమీ లేని వస్తువును చూద్దాం. 1980లో ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ ఒక వింతను గుర్తించారు. చేతిలో లేనప్పుడు ఒక వస్తువుకు మనం కట్టే విలువ, అదే వస్తువు మన సొంతం కాగానే పెరిగిపోతుంది. డేనియల్ కానమన్, జాక్ నెట్ష్‌లతో కలిసి ఆయన దీన్ని కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థులతో పరీక్షించి 1990లో ఫలితాలు ప్రచురించారు. సగం మంది విద్యార్థులకు మామూలు కాఫీ కప్పులు ఇచ్చారు. క్యాంపస్ దుకాణంలో ఒక్కో కప్పు ధర 6 డాలర్లు. ఎంతకు అమ్ముతారని కప్పు ఉన్నవాళ్ళను, ఎంతకు కొంటారని లేనివాళ్ళను అడిగారు. కొనేవాళ్ళు చెప్పిన మధ్యస్థ ధర 2.25 నుంచి 2.75 డాలర్లు. అమ్మేవాళ్ళు 5.25 డాలర్ల దగ్గర నిలబడ్డారు. కప్పు వాళ్ళ చేతికి వచ్చి నిమిషాలే అయింది. అందులో ఎవరూ కాఫీ తాగలేదు, ఎవరూ దాన్ని బహుమతిగా ఇవ్వలేదు.

నెట్ష్ ఒక్కరే 1989లో ప్రచురించిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. ఒక బృందానికి కప్పు ఇచ్చి, కావాలంటే చాక్లెట్‌తో మార్చుకోమన్నారు. 89 శాతం మంది కప్పునే ఉంచుకున్నారు. రెండో బృందానికి చాక్లెట్ ఇచ్చి కప్పుతో మార్చుకోమంటే 90 శాతం మంది చాక్లెట్‌నే ఉంచుకున్నారు. ముందుగా ఏదీ ఇవ్వకుండా రెండిట్లో నచ్చింది తీసుకోమంటే మాత్రం ఇంచుమించు చెరిసగమయ్యారు: 56 శాతం కప్పు, మిగతావాళ్ళు చాక్లెట్. అంటే ఆ ఇష్టం వస్తువులోంచి రాలేదు, 'నాది' అనుకోవడంలోంచి వచ్చింది. పోగొట్టుకోవడం వల్ల కలిగే బాధ, అదే వస్తువు దొరికితే కలిగే సంతోషం కన్నా బరువైనదని కానమన్, ఏమస్ ట్వెర్స్కీ 1979లోనే సిద్ధాంతీకరించారు. కానమన్‌కు 2002లో, థేలర్‌కు 2017లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

చేతిలో ఉన్నదాన్ని ఇలా వదలలేకపోవడం మనిషి పుట్టుకతోనే తెచ్చుకున్న గుణమా? టాంజానియాలో వేట మీద, దుంపలూ తేనే సేకరణ మీద బతికే హడ్జా జాతి ప్రజల మధ్య కోరెన్ అపిచెల్లా బృందం ఇలాంటి పరీక్షే చేసింది. 2014లో వచ్చిన ఆ అధ్యయనంలో, బయటి ప్రపంచానికి దూరంగా ఉన్న హడ్జా గుంపుల్లో దాదాపు సగం మంది తమకిచ్చిన వస్తువును ఇట్టే మార్చుకున్నారు. పర్యాటకులతో, సంతలతో సంబంధమున్న హడ్జాలు మాత్రం మనలాగే చేతిలో ఉన్నదాన్ని వదలలేదు. ఒకే జాతి, ఒకే భాష. జీవన విధానం మారగానే వస్తువుతో బంధం మారింది. నాకు ఇది చాలా విలువైన ఫలితంగా తోస్తుంది. మనిషి స్వభావమే ఇంత అని చేతులెత్తేయనక్కర్లేదని ఇది చెబుతోంది.

ఏ అనుబంధమూ లేని కప్పు కొన్ని నిమిషాల్లోనే ఇంత పట్టుకుంటే, నలభై ఏళ్ళు ఇంట్లో తిరిగిన మరచెంబు మాటేమిటి?

షికాగో ప్రాంతంలో మూడు తరాల మనుషులున్న 82 కుటుంబాలను, మొత్తం 315 మందిని, మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్, యూజీన్ రోచ్‌బర్గ్-హాల్టన్ ఒకే ప్రశ్న అడిగారు: మీ ఇంట్లో మీకు ప్రత్యేకమైన వస్తువులేవి, ఎందుకు? 1981లో పుస్తకంగా వచ్చిన ఆ పరిశోధనలో పిల్లలు స్టీరియోలు, టీవీల వంటివి చెప్పారు. తాతలూ అమ్మమ్మలూ ఫొటోలు చెప్పారు. పిల్లలకు వస్తువు అంటే దాంతో చేసే పని. పెద్దవాళ్ళకు అది గుర్తుచేసే మనిషి. అటక కింద నిలబడి కొడుకు "ఇది దేనికి పనికొస్తుందమ్మా?" అంటే, తల్లి "ఇది మీ అమ్మమ్మ ఇచ్చింది" అనడం ఇందుకే. ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తున్నారు. కొడుకుది నిర్దయ కాదు, తల్లిది చాదస్తం కాదు. వయసు పెరిగేకొద్దీ మనిషి తనెవరో చెప్పుకోవడానికి గడిచినదాని మీద ఎక్కువ ఆధారపడతాడు. ఆ గడిచినదానికి ఇంట్లో మిగిలిన సాక్ష్యాలు ఇవే. మన వస్తువులు మన 'నేను'లో భాగమైపోతాయని 1988లో రసెల్ బెల్క్ రాసిన వ్యాసం ఈ ఆలోచనకు శాస్త్ర గౌరవం తెచ్చిపెట్టింది.

పోనీ అచ్చం అలాంటి కొత్త మరచెంబు తెచ్చిస్తే? ఎవరూ ఒప్పుకోరు. ఎందుకు ఒప్పుకోరో బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్ హుడ్, యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పాల్ బ్లూమ్ చిన్నపిల్లలతో చేసిన ప్రయోగంలో కనిపిస్తుంది. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలకు 'దేన్నయినా అచ్చం అలాగే తయారుచేసే యంత్రం' అని ఒక పెట్టెను చూపించారు. మామూలు బొమ్మలైతే నకలు తీసుకోవడానికి పిల్లలు సంతోషంగా ముందుకొచ్చారు. రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ, దుప్పటి విషయం వచ్చేసరికి కొందరు ఆ పెట్టెలో పెట్టడానికే ఇష్టపడలేదు. పెట్టినవాళ్ళలో ఎక్కువమంది అసలుదే తిరిగి కావాలన్నారు. చూడ్డానికి రెంటికీ తేడా లేదు. పిల్లల దృష్టిలో మాత్రం అసలుదానిలో ఇంకేదో ఉంది. ఆ ఇంకేదో ఏమిటంటే దాని చరిత్ర.

పెద్దవాళ్ళమయ్యాక కూడా మనం ఆ భావనను వదలం. జార్జ్ న్యూమన్, గిల్ డీసెన్‌డ్రక్, పాల్ బ్లూమ్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, తాము అభిమానించే ప్రముఖుడు తొడుక్కున్న స్వెటరును కొనడానికి ఉత్సాహపడ్డవాళ్ళు, దాన్ని క్రిములు లేకుండా శుభ్రం చేశారని చెప్పగానే వెనక్కి తగ్గారు. ఒంటిని తాకిన జాడ పోయిందని వాళ్ళ బాధ. అమ్మ చివరిగా కట్టిన చీరను ఉతకకుండా మడిచి దాచిన కూతుళ్ళకు ఈ ప్రయోగం కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ చీర వాసనకు అంత శక్తి ఎందుకుందో మెదడు నిర్మాణం చెబుతుంది. చూపు, వినికిడి, స్పర్శ సంకేతాలు ముందు థలామస్ అనే కేంద్రం గుండా పోతాయి. వాసన మాత్రం ముక్కు వెనకున్న ఘ్రాణ కేంద్రం నుంచి, భావోద్వేగాలకు కీలకమైన అమిగ్డలాకూ జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌కూ దగ్గరి దారిలో చేరుతుంది. పెట్టె మూత తీయగానే కళ్ళలో నీళ్ళు తిరగడానికి, ఎందుకు తిరిగాయో తెలియడానికి మధ్య ఒక క్షణం తేడా ఉంటుందే, అది ఇందువల్లే కావచ్చు.

మన స్టీలు సామాను సంగతి ఇక్కడే చెప్పాలి. పెళ్ళిలో, గృహప్రవేశంలో ఇచ్చే గిన్నెలూ బిందెల మీద ఇచ్చినవాళ్ళ పేరు, తేదీ, సందర్భం చుక్కలు చుక్కలుగా కొట్టించడం మనకు అలవాటు. చరిత్రను వస్తువు మీదే రాసేశాం. దుకాణంలో వరసగా ఉన్నప్పుడు ఒకదానికొకటి తేడా లేని గిన్నెలు, పేరు పడ్డ మరునిమిషం నుంచి పెద్దత్త గిన్నె, చిన్నమామయ్య బిందె అయిపోతాయి. అందుకే ఇరవై గిన్నెల్లో రెండే వాడుతున్నా మిగతా పద్దెనిమిదీ వదలవు.

అలాగని ఇరుకైన ఇల్లు హాని చేయదని కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2001 నుంచి 2005 దాకా లాస్ ఏంజిలిస్‌లోని 32 కుటుంబాల ఇళ్ళను గది గదీ లెక్కగట్టారు. కారు గ్యారేజీల్లో మూడొంతులు కారు పట్టనంతగా సామానుతో నిండి ఉన్నాయి. అదే పరిశోధనలో భాగంగా డార్బీ సాక్స్‌బీ, రెనా రెపెటి 2010లో మరో ఫలితం ప్రచురించారు. ఇల్లంతా చిందరవందరగా ఉందని, పనులు మిగిలిపోయాయని చెప్పిన భార్యల్లో, ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గాల్సిన ఒత్తిడి హార్మోను కార్టిసాల్ సరిగా తగ్గలేదు. భర్తల్లో అలాంటి సంబంధం కనిపించలేదు. ఇంటి సామాను బరువు ఎవరి మీద పడుతోందో ఆ ఒక్క తేడా చెబుతుంది.

సామాను పోగుపడటం జబ్బుగా మారే సందర్భాలూ ఉన్నాయి. మంచం మీద పడుకోవడానికి చోటు లేక, పొయ్యి వెలిగించడానికి వీల్లేక, విలువతో నిమిత్తం లేకుండా దేన్నీ వదలలేక జీవితం స్తంభించిపోయే స్థితికి హోర్డింగ్ డిజార్డర్ అని పేరు. 2013లో వచ్చిన మానసిక రుగ్మతల పట్టిక డీఎస్ఎం-5, ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక ఐసీడీ-11 దీన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తించాయి. వేర్వేరు దేశాల అధ్యయనాలను కలిపి 2019లో చేసిన విశ్లేషణ ప్రకారం సుమారు 2.5 శాతం మందిలో ఇది ఉంటుంది. డేవిడ్ టోలిన్ బృందం 2012లో ఈ రుగ్మత ఉన్నవాళ్ళ మెదడును స్కాన్ చేస్తూ, వాళ్ళ ఇంటి నుంచే తెచ్చిన పాత కాగితాలను ముక్కలు చేయాలో ఉంచాలో చెప్పమంది. పరాయి కాగితాల విషయంలో మందకొడిగా ఉన్న మెదడు భాగాలు, తమ కాగితాల దగ్గరికి వచ్చేసరికి మితిమీరి చురుకయ్యాయి. అవి యాంటీరియర్ సింగ్యులేట్, ఇన్సులా. ఏది ముఖ్యమో, ఏది తప్పో హెచ్చరించడంలో వీటికి పాత్ర ఉంది. ఒక్కో చిత్తు కాగితం దగ్గరా ఆ హెచ్చరిక గంట మోగుతుంటే ఎవరు మాత్రం పారేయగలరు? అంతకు ముందు, 2005లో, మెదడులో నిర్దిష్ట భాగాలు దెబ్బతిన్న 86 మందిని పరిశీలిస్తే 13 మందిలో అసాధారణంగా వస్తువులు పోగేసే గుణం కనిపించింది. వాళ్ళలో దెబ్బతిన్నది మెదడు ముందుభాగంలోని మధ్య ప్రాంతం. కాబట్టి ఎన్నడూ లేనిది ఒక పెద్దాయన హఠాత్తుగా చెత్తను ఇంటికి మోసుకొస్తుంటే తిట్టకుండా డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి-మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడతారు.

మనలో ఎక్కువమందిది జబ్బు కాదు. మరి మనకేది దారి?

2017లో కారెన్ వింటరిచ్, రెబెకా రెజెక్, జూలీ ఇర్విన్ ప్రచురించిన అధ్యయనం దీనికి మంచి ఆధారం. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం హాస్టళ్ళలో పాత వస్తువులు దానం చేయమని ప్రచారం చేశారు. కొన్ని హాస్టళ్ళలో మామూలుగా అడిగారు. కొన్నిట్లో మాత్రం, ఇష్టమైన వస్తువుకు ముందు ఒక ఫొటో తీసుకుని తర్వాత ఇచ్చేయమన్నారు. మామూలుగా అడిగినచోట 533 వస్తువులు వచ్చాయి, ఫొటో తీసుకోమన్నచోట 613 వచ్చాయి. పరిశోధకులు దీన్ని ఇలా వివరించారు: వస్తువుతో పాటు తమలో ఒక భాగం పోతుందన్న భయం అడ్డు పడుతుంది, జ్ఞాపకం భద్రంగా ఉందన్న భరోసా దొరికితే ఆ భయం తగ్గుతుంది.

అయితే ఫోనులో వరసగా రెండొందల ఫొటోలు కొట్టేస్తే పని అయిపోదు. మ్యూజియంలో వస్తువులను ఊరికే చూసినవాళ్ళ కన్నా ఫొటో తీసినవాళ్ళకు ఆ వస్తువులు తక్కువగా గుర్తున్నాయని లిండా హెంకెల్ 2014లో చూపించారు. ఒక భాగాన్ని దగ్గరగా పెద్దది చేసి తీసినవాళ్ళకు ఆ నష్టం కలగలేదు. శ్రద్ధ పెట్టడంలోనే తేడా ఉంది. మరచెంబు ఫొటో తీస్తే దాని మీది సొట్టను కూడా తీయండి, ఆ సొట్ట ఎలా పడిందో రెండు వాక్యాలు రాయండి. మనుమలకు మిగిలేది ఆ రెండు వాక్యాలే. కథ తెలియని చెంబు వాళ్ళకు ఉత్త ఇత్తడి.

వస్తువు ఎవరి చేతికి వెళ్తుందన్నది కూడా ముఖ్యం. ఆరన్ బ్రో, మాథ్యూ ఐజాక్ 2012లో చూపించిన దాని ప్రకారం, వస్తువు మీద మమకారమున్నవాళ్ళు దాన్ని సరిగా వాడుకునే మనిషికైతే తక్కువ ధరకు ఇవ్వడానికీ సిద్ధపడతారు. అమ్మ కుట్టుమిషనును పాత ఇనుముకు తూకం వేయడానికి చేతులు రావు. కుట్టుపని నేర్చుకుంటున్న అమ్మాయికి ఊరికే ఇవ్వడానికి వస్తాయి. అందుకే దేన్ని పారేయాలా అని మొదలుపెట్టకుండా, ఇది ఎవరికి ఇవ్వాలి అని మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

మన పాతకాలపు ఇళ్ళలో ఇంకో పద్ధతి ఉండేది. అది వస్తువును వదలకుండా రూపం మార్చడం. మెత్తబడిన నేతచీరలు పొరలు పొరలుగా కుట్టి బొంత చేసేవారు. పుట్టిన బిడ్డకు అమ్మమ్మ పాతచీరే పొత్తిళ్ళు. అందులో జ్ఞాపకమూ ఉంది, వాడకమూ ఉంది. పదిహేను చీరలు బీరువాలో మగ్గే బదులు ఒక్క బొంత మంచం మీద ఉంటుంది. ఆ కుట్టుపని ఇప్పటికీ చేసే ఆడవాళ్ళు పల్లెల్లో ఉన్నారు, వాళ్ళకు పని ఇవ్వండి. పాత పట్టుచీరలు కొంటామని తిరిగేవాళ్ళు ఎక్కువగా చూసేది జరీలో వెండి ఎంతుందనే. ఇచ్చేముందు అంచు ముక్కనైనా దాచుకోండి.

వీడ్కోలుకు ఒక తంతు ఉంటే వదలడం తేలికవుతుంది. జపానులో ఏటా ఫిబ్రవరి 8న, ఏడాదంతా పనిచేసి విరిగిన సూదులను మెత్తని టోఫూలో గుచ్చి కృతజ్ఞత చెప్పుకునే ఆచారముంది. మనకు భోగి ఉంది. సంక్రాంతికి ముందు ఇల్లంతా దులిపి, పనికిరాని కర్రసామాను మంటలో వేయడం ఊరంతా కలిసి చేసే పని కాబట్టి ఎవరికీ ఒంటరిగా దుఃఖం అనిపించదు. ప్లాస్టిక్కూ టైర్లూ మాత్రం ఆ మంటలో వేయకూడదు, ఆ పొగ విషం.

అన్నీ వదిలేయాలని ఏ శాస్త్రమూ చెప్పడం లేదు. పోయినవాళ్ళ నుంచి మనసును పూర్తిగా విడదీసుకుంటేనే దుఃఖం తీరుతుందన్నది పాత అభిప్రాయం. 1996 నుంచి డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ వాదించినది వేరు: చనిపోయినవాళ్ళతో బంధం మరో రూపంలో కొనసాగడం ఆరోగ్యకరమే కావచ్చు. నాన్న కళ్ళజోడు సొరుగులో ఉంటే ఎవరికీ నష్టం లేదు. 2017లో అమృత్‌సర్‌లో తెరిచిన దేశ విభజన మ్యూజియంలో ఒక ఫుల్కారీ కోటు, ఒక తోలు పెట్టె ఉన్నాయి. సరిహద్దు దాటేటప్పుడు ఇద్దరు మనుషులు ప్రాణాలతో పాటు తెచ్చుకున్నవి అవి. వాళ్ళ కుటుంబం ఆ వస్తువులనూ వాటి కథనూ కలిపి దాచింది కాబట్టే ఈ రోజు దేశం వాటిని చూడగలుగుతోంది.

ఇక నా విన్నపం. అమ్మానాన్నలు ఇంట్లో లేనప్పుడు వాళ్ళ అటక ఖాళీ చేయకండి. వాళ్ళ మంచి కోసమే అనిపించినా చేయకండి. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో మూడు వారాల సెలవు మీద వచ్చి ఇంటిని అమ్మకానికి సిద్ధం చేసే పిల్లలకు ఈ మాట మరీ ముఖ్యం. వచ్చిన మొదటి రోజే పాత సామానువాడిని పిలవకండి. రోజుకు రెండు వస్తువులు కిందికి దించి పెద్దవాళ్ళ ఎదుట పెట్టండి. ఇది ఎవరిది, ఏ ఏడు, ఏ ఊళ్ళో కొన్నారు అని అడిగి, వాళ్ళ గొంతుతోనే ఫోనులో రికార్డు చేయండి. దీన్ని ఎవరికి ఇద్దామో వాళ్ళనే చెప్పమనండి. ఏది ఉంచుకోవాలో కూడా వాళ్ళే చెబుతారు.